మార్చిలో సీతాఫలం

జనవరి 20, సోమవారం

డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. పొద్దున, సాయంత్రం నాలుగు చిన్న సీసాలు వాసన చూడాలి. లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ నీళ్లు, నీలగిరి తైలం. ఒక్కోటి ఇరవై సెకన్లు. ఎంత తెలిసిందో పదికి మార్కులు వేసుకుని, నెలకోసారి ఆ కాగితం తెచ్చి చూపించాలట.

కాగితం వేరే పెట్టాను. ఈ నోటుబుక్కు మాత్రం నాది.

డిసెంబరులో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. జలుబు తగ్గితే వస్తుందిలే అనుకున్నాను. జలుబు తగ్గి ఐదు వారాలైంది. "వస్తదమ్మా, కొందరికి నెల, కొందరికి ఏడాది," అన్నాడు డాక్టరు. అసలు రాని వాళ్లు కూడా ఉంటారా అని నేనడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇంకెవరికైనా అయితే అన్నం చప్పగా ఉందని బాధపడి ఊరుకుంటారు. నాకు ముక్కే ఉద్యోగం. తాండూరు పప్పుమిల్లులో కందులు దిగితే ముందు నా దగ్గరికే వస్తాయి. దోసిట్లో గింజలు పట్టి, నోటితో వేడిగాలి ఊది, వాసన చూసి చెప్పాలి. తడిసినవి ఆరబెట్టి తెచ్చారా, బూజు పట్టిందా, పాతవి కొత్తవాటిలో కలిపారా. తేమ చూసే మిషను ఉంది, గింజ సైజుకు జల్లెడ ఉంది. వాసనకు మాత్రం పన్నెండేళ్లుగా నేనే ఉన్నాను. పెద్ద సేటు ధనరాజ్ గారు వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్తారు. "మా నిరోష ముక్కు పెట్టిందంటే ఇగ దానికి తిరుగులేదు."

మా ఆయన శ్రీహరికి ఒక్కడికే తెలుసు. మిల్లులో చెప్పలేదు. అత్తమ్మకూ చెప్పలేదు. రెండు వారాల్లో వచ్చేదానికి ఊరంతా చాటింపు దేనికి?

నాలుగు సీసాలకూ సున్నాలే.

జనవరి 23

లవంగం తెలిసింది! గట్టిగా కాదు, ఎక్కడో దూరంగా. రెండు మార్కులు వేశాను.

జనవరి 23, సాయంత్రం

సీసాలో లవంగాలు లేవు. శ్రీహరి నిన్ననే చాయ్‌లో వేసుకుని తాగేశాడట. ఖాళీ సీసాకు రెండు మార్కులు వేశాను నేను.

జనవరి 28

ఇవాళ మూడు లాట్ల కందులు దిగాయి. గండం గడిచింది.

దారి దొరికింది. నా పక్కన కూర్చుని జల్లెడ పట్టే భీమమ్మ పెద్దమ్మది కర్ణాటకలో సేడం వైపు. అరవై దాటింది. ఏ బస్తా విప్పినా ముందు ఆమె మొహంలో తెలిసిపోతుంది. మంచి గింజయితే మొహం కదలదు. బూజుదయితే ముక్కు ముడుచుకుని "బేడ బేడ" అని కన్నడంలో గొణుగుతుంది, వద్దు వద్దని. నేను దోసిట్లో గింజలు ఊది, కళ్లు మూసుకున్నట్టు చేసి, రెప్పల సందులోంచి ఆమెను చూస్తున్నాను. ఇవాళ రెండు లాట్లు పాస్ చేశాను, ఒకటి తిప్పి పంపాను. చిన్న పొరపాటు కూడా జరగలేదు.

ఇది మోసం కాదు. పక్కపక్కన కూర్చునేవాళ్ల ముక్కులు ఎవరివైతే ఏమిటి, సరుకు బాగుంటే చాలదా?

ఫిబ్రవరి 4

పాలు మాడిపోయాయి. నేను పొయ్యి పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వంటిల్లంతా పొగ కమ్మితే గానీ తల ఎత్తలేదు. అత్తమ్మ వాకిట్లోంచి ఉరికి వచ్చింది. "వాడకట్టు దాక వాసనొస్తున్నది, పక్కనుండి ఏం జేస్తున్నవే?"

"ఫోన్ మాట్లాడుతున్న అత్తమ్మా."

ఫోను ముందు గదిలో ఛార్జింగులో ఉంది. అత్తమ్మ అటు చూసింది, నా మొహం చూసింది. గిన్నె తీసుకుపోయి బూడిదతో తోముతూ కూర్చుంది.

పాలు సరే. రేపు గ్యాసు లీకయితే?

ఫిబ్రవరి 12

చిన్న సేటు రూపేష్ పారిస్ నుంచి వచ్చాడు. అక్కడ తిండి సరుకుల ప్రదర్శనలో మన కందిపప్పు పెట్టడానికి పోయిన నెల వెళ్లాడు. భోజనాల వేళ పిలిచాడు. "నిరోషక్కా, జర క్యాబిన్‌లకి రా." తలుపు దగ్గరగా వేసి బ్యాగులోంచి ఒక పొట్టి సీసా తీశాడు. లోపలిది తేనె కంటే పలచగా, డికాషను కంటే లేతగా ఉంది.

"విస్కీ అక్కా. ఫ్రాన్స్‌ది. సింగిల్ మాల్ట్."

"విస్కీ ఆడ గూడ చేస్తరా సేటు?"

"నేను గూడ గట్లనే అడిగిన. ఒక్క బార్లీతోనే, ఒక్క బట్టీలనే కాస్తరట. మన తాండూరు కంది లెక్కనే, వేరే ఊరి సరుకు కలవది. కాచినంక పండ్ల సారా పోసిన పాత పీపాలల్ల ఏండ్లకేండ్లు పెడ్తరట. మూత తీస్తె రూమంత పండ్ల దుకాణమే."

"ఏం పండ్లు?"

"గది నువ్వు చెప్పాలె." జేబులోంచి ఒక కార్డు తీసి, చూపించినట్టే చూపించి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఏ పండ్ల వాసనో దాని మీద రాసి ఉందట. మన పప్పు కొనాలని చూస్తున్న ఫ్రాన్స్ ఆయనే ఈ సీసా ఇచ్చాడట. ఇతను ఆయన ముందు నా ముక్కు గురించి గొప్పలు పోయాడు. ఆయన నవ్వి, "అయితే ఆమెను ఇది వాసన చూడమను. కార్డు చూపించకు. ఏం దొరికిందో రాసి శాంపిల్ పప్పుతో పాటు పంపు," అన్నాడట. మార్చి పదకొండున పార్సిల్ పోవాలి. పప్పు నచ్చితే ఏటా కొంటాడట.

పేపరు గ్లాసులో కొంచెం పోసి నా ముందు పెట్టాడు. వంగి వాసన చూశాను. నీళ్ల గ్లాసు మీదికి వంగినట్టుంది. అతను నా మొహమే చూస్తున్నాడు. పదమూడు నెలలు తిరిగి ఆ కొనుగోలుదారుణ్ని పట్టుకున్నాడు పిల్లాడు.

"గీడ కంది దుమ్ము ఉన్నది సేటు. ముక్కుకు అదే తగుల్తది. ఇంట్ల నిదానంగ చూసి చెప్త."

"మస్తు మాట చెప్పినవ్. సీస తీస్కపో. మా ఇంట్ల పెడితె నాయిన చూస్తడు." పెద్ద సేటు ఏకాదశికి ఉల్లిగడ్డ కూడా ఇంట్లోకి రానివ్వరు.

టిఫిను సంచిలో సీసా పెట్టుకుని వికారాబాద్‌లో ఇంటికి రావడానికి రైలెక్కాను. ధారూరు దాటేదాకా అది టిఫిను గిన్నెకు తగిలి టంగు టంగుమంటూనే ఉంది. ఎదురు సీటు పెద్దాయన "గా చప్పుడేందమ్మా?" అంటే "ఊరగాయ" అన్నాను. నోరు తెరిస్తే అబద్ధమే ఈ మధ్య.

శ్రీహరికి చెప్తే సీసా సగమవుతుంది. బీరువాలో పుట్టింటి నుంచి వడిబియ్యం వచ్చినప్పటి ఆకుపచ్చ రైక ముక్క కనిపిస్తే దాంట్లో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. చెంచాడు పోసుకుని నోట్లో పట్టాను. చురుక్కుమంది. తర్వాత కొంచెం తీపి. చివర్న చిరుచేదు. అంతే. కారం, తీపి, ఉప్పు, చేదు, పులుపు దాటితే మిగిలిన రుచంతా ముక్కుదేనని డాక్టరు చెప్పినప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను. ఏదో పండ్ల దుకాణం ఉందట, నా మొహాన తలుపు వేసుకుని ఉంది.

ఏడ్చాను. ఈ పుస్తకంలో రాయడానికి సిగ్గేముంది, బాగా ఏడ్చాను.

ఫిబ్రవరి 20, గురువారం

భీమమ్మ పెద్దమ్మ రాలేదు. మనవరాలి పెళ్లట. రెండు రోజులు రాదట.

ఇవాళే నలభై బస్తాలు దిగాలా?

చేయాల్సినవన్నీ చేశాను. గింజలు ఊదాను, కొరికి చూశాను, టక్కున విరిగాయి. తేమ సరిగానే ఉంది. రంగు బాగుంది. పాస్ అని రాసి సంతకం పెట్టాను. బాగానే ఉండి ఉంటాయి. అంత మంచి రంగు గింజలు చెడిపోతాయా?

ఫిబ్రవరి 21

బాగానే ఉండి ఉంటాయి.

ఫిబ్రవరి 24

ఫ్రాన్స్‌కు పంపే శాంపిల్ ఆ నలభై బస్తాల్లోంచే తీస్తారట. "నువ్వు పాస్ చేసినవాటిల గింత మంచి రంగు ఈ ఏడాదిల రాలె అక్కా," అన్నాడు రూపేష్. సంతోషంగా అన్నాడు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 27

ఫోనులో వెతికాను. పండ్ల వాసన వచ్చే విస్కీల గురించి ఎవరెవరో రాసిన మాటలు బోలెడు దొరికాయి. ఆపిల్, ద్రాక్ష, నారింజ, ఎండు ఖర్జూరం. ఒక కాగితం మీద శుభ్రంగా రాసి కవరులో పెట్టి అంటించాను. ఎవడో చూసిన వాసన, నా చేతిరాత. అత్తమ్మ చూస్తుండగానే అంటించాను. "ఏందది?" అంది. మిల్లు కాగితం అన్నాను.

మార్చి 3

సున్నా, సున్నా, సున్నా, సున్నా. శ్రీహరి రాత్రి భోజనం దగ్గర మెల్లగా అడిగాడు, "మిల్లుల చెప్పరాదు?" అతని మీద అరిచాను. పాపం, అన్నం వదిలేసి లేచాడు. అతను అడిగినదాంట్లో తప్పు లేదు. అందుకే అరిచాను.

మార్చి 9, ఆదివారం

మొదటి నుంచీ రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పదకొండింటికి బజారు నుంచి కూరగాయలు తెచ్చాను. ఇంట్లో అత్తమ్మ లేదు. కొండ కింది ఊళ్లో పోచమ్మ దగ్గరికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. అమ్మకు సాక ధార పోయడానికట, మొక్కేదో ఉందట. పోతే పోయింది అనుకుని బియ్యం తీద్దామని డబ్బా దగ్గరికి వెళ్లాను.

డబ్బా వెనక సీసా లేదు. రైక ముక్కా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో అమ్మవారికని తీసిపెట్టింది ఏదైనా రైక ముక్కలో చుట్టి బియ్యం డబ్బా పక్కనే పెడతాం. ఇన్నేళ్లుగా అలా పెడుతున్నదాన్ని నేనే. ఆ రోజు రైలు దిగివచ్చిన కంగారులో అదే గుడ్డలో చుట్టి అదే చోట పెట్టాను. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లి కూడా దాన్ని అమ్మవారి సీసా అనే అనుకుంటుంది.

చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు. ఆటో పట్టుకుని పోయాను. అనంతగిరి రోడ్డు దిగి, వేపచెట్టు కింద ఆ చిన్న గుడి దగ్గర ఆటో ఆగేసరికి ఎండకు మాడు పగులుతోంది. పూజారి జంగప్ప పక్కన నిలబడి ఉన్నాడు. అత్తమ్మ సీసా రెండు చేతులా పట్టుకుని, రాయి చుట్టూ నిదానంగా ధార పోస్తోంది. తాగేది కల్లయినా, సారా అయినా, ఏదైనా సరే, అమ్మకు ముందు పోయాలి కదా. పోస్తోంది. సగం దాటింది. ఇంకా పోస్తోంది.

"అత్తమ్మా!" అని కేక పెట్టి ఉరికాను. దగ్గరికి పోయి సీసా పట్టుకోబోయి ఆగిపోయాను.

ఎక్కడో సీతాఫలాలు మాగుతున్నాయి.

బాగా మాగి, పట్టుకుంటే వేలు దిగిపోయే సీతాఫలాలు. చిన్నప్పుడు మా అమ్మ గడ్డిలో పెట్టి గంప మూసేది, మూడో రోజు మూత తీయగానే మొహానికి కొట్టే వాసన. అదే. ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి కళ్లలోకి.

"సీతాఫలాలు ఎవరు తెచ్చిండ్రు?" అన్నాను.

జంగప్ప నన్ను వింతగా చూశాడు. "మార్చి నెలల సీతాఫలాలేడియమ్మా?"

అత్తమ్మ ధార ఆపింది. నా వైపు తిరిగింది. "ఏమన్నవే?"

"సీతాఫలం వాసన... మస్తు వస్తున్నది అత్తమ్మా."

కాలుతున్న రాళ్ల మీద పడ్డ ఆ విస్కీ ఆవిరై లేస్తోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, మొహం రాయి దగ్గర పెట్టి, మళ్లీ పీల్చాను. మళ్లీ. వస్తోంది. వేపాకుల వాసన లేదు, నిమ్మకాయ వాసన లేదు, ఊదుబత్తి వాసన లేదు. అదొక్కటే వస్తోంది. అదొక్కటే చాలు.

అత్తమ్మ నా పక్కనే కూలబడింది. "ముక్కు పనిజేస్తలేదని నాకు ఎర్క లేదనుకున్నవా? పాలు మాడిన రోజే తెలిసె. మొగుడు పెండ్లాలు నాకు చెప్పరైతిరి. నేను పోచమ్మకు చెప్పుకున్న. నా కోడలి ముక్కు తెరువు తల్లీ, మంచి సీస పోస్త అని."

"గీ సీస..."

"నీ మొగనికి చెప్పి రెండు వారాలాయె, మంచి మందు తేరా అని. తెస్త తెస్త అన్నడు. నిన్న బియ్యం తీస్తుంటె రైక ముక్కల కనపడ్డది. ఇంత మంచి సీస తెచ్చి నోరు మెదపలేదేంది అనుకున్న. వాడు గాదా తెచ్చింది?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఎవరిదో చెప్పాను. అత్తమ్మ సీసా ఎత్తి ఎండకు పెట్టి చూసింది. అడుగున నాలుగు వేళ్ల మందం మిగిలింది. "పోనీ తియ్యి," అంది. "అమ్మ తాగింది, నీకు ఇచ్చింది. సేటుకు నేను చెప్త."

మార్చి 9, సాయంత్రం

రుచి గురించి విడిగా రాయాలి, లేకపోతే మరిచిపోతాను.

శ్రీహరి తన మోటారు వైండింగ్ దుకాణం మూసి వచ్చాక మూడు స్టీలు గ్లాసుల్లో తలా కొంచెం పోశాను. అత్తమ్మ వేలు ముంచి మూడుసార్లు నేల మీదికి చిలకరించి, తర్వాత గటుక్కున మింగింది. "కల్లు లెక్క పుల్లగ లేదు, సారా లెక్క కుత్తుక కోస్తలేదు. పండ్లు పిసికి పోసినట్టున్నది. గిది మందేనా?" అని గ్లాసు మళ్లీ ముందుకు జరిపింది. శ్రీహరి మోటార్లకు తీగ చుట్టే మనిషి. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "వార్నిష్," అన్నాడు. తీగ చుట్టాక పైన పూసేది అదే. అత్తమ్మ అతని నెత్తి మీద ఒకటి వేసింది.

నేను తొందరపడలేదు. ముందు గ్లాసును అరచేతుల్లో పట్టి వెచ్చబెట్టాను, గింజలకు చేసినట్టే. వాసన చూశాను. సీతాఫలం అక్కడే ఉంది, పారిపోలేదు. చుక్క నాలుక మీద వేసి అంగిట్లో తిప్పాను. చురుకు తగ్గాక, మింగిన తర్వాత, వెనక నుంచి ఇంకోటి వచ్చింది. తెలిసిందే, పేరు రాలేదు. తీపి, కొంచెం పులుపు, కొంచెం పొగ తగిలినట్టు. మూడో చుక్కకు దొరికింది. ఖుబానీ. పెళ్లిళ్లలో ఎండు ఆప్రికాట్లు ఉడికించి వడ్డించే ఖుబానీ మీఠా, గిన్నె అడుగున మిగిలిన చిక్కటి పాకం. వేలితో తుడిచి నాకే పాకం.

"ఖుబానీ!" అని అరిచాను. శ్రీహరి చేతిలో గ్లాసు వొలికింది. అతని కళ్లలో నీళ్లు. అతని మీద అరిచింది గుర్తొచ్చి చెయ్యి పట్టుకున్నాను.

లవంగం సున్నా. నిమ్మ సున్నా. గులాబీ సున్నా. నీలగిరి సున్నా. డాక్టరు కాగితంలో విస్కీకి గడి లేదు. నేనే గీసి ఆరు మార్కులు వేశాను.

అంటించిన కవరును నీళ్ల పొయ్యిలో వేశాను. ఆ నలభై బస్తాలను మాత్రం పొయ్యిలో వేయలేను. ఖుబానీ తెలిసినంత మాత్రాన బూజు తెలియదు. రేపు చెప్పాలి. ఎల్లుండి పార్సిల్.

మార్చి 10, సోమవారం

చెప్పేశాను.

రైల్లో వంద రకాలుగా అనుకున్నాను ఎలా మొదలుపెట్టాలో. క్యాబిన్‌లోకి వెళ్లి సీసా బల్ల మీద పెట్టగానే రూపేష్ మొహం వాడిపోయింది. "మొత్తం తాగినవా అక్కా?"

"పోచమ్మ తాగింది సేటు. గది తర్వాత చెప్త. ముందు పార్సిల్ ఆపు."

జ్వరం సంగతి, ముక్కు సంగతి, భీమమ్మ మొహం చూసి పాస్ చేసిన సంగతి, ఆమె రాని రోజు నలభై బస్తాల మీద సంతకం పెట్టిన సంగతి. ఒక్కటీ దాచలేదు. అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. తీశాడు, పెట్టాడు.

"ఇన్ని దినాలసంది వాసన లేకుంటనే సంతకం పెడ్తున్నవా?"

"పెట్టిన."

"నాకొక్క మాట చెప్పరాకుండెనా?"

"భయమైంది సేటు. ముక్కు లేని నాకు మిల్లుల ఏం పని?"

అతను లేచి భీమమ్మ పెద్దమ్మను వెంటబెట్టుకుని గోదాములోకి నడిచాడు. నేను వెనక. నలభై బస్తాలూ ఒక్కొక్కటే విప్పించాడు. ఆమె ఒక్కో దోసెడు తీసి ఊది వాసన చూస్తుంటే నేను వేళ్ల మీద బస్తాలు లెక్కపెట్టాను. పదకొండోది విప్పగానే ముక్కు ముడుచుకుంది. "బేడ బేడ." పంతొమ్మిదోది. ముప్పై మూడోది. మూడు బస్తాలు. మిగిలిన ముప్పై ఏడూ బంగారం లాంటివి. మూడింటినీ పక్కకు లాగించారు.

అప్పుడు భీమమ్మ పెద్దమ్మ నా వైపు చూసి నవ్వింది. "ఏనవ్వా, నేను లేని రోజు ఆగకపోతివా? నీ కోసమే గదా మొహం గంత పెద్దగ ముడిసేది. మామూలుగ నేను గట్ల ముడుస్తనా?"

ఆమెకూ తెలుసు. నన్ను చూసి రోజూ కావాలనే ముడుచుకుంది. నేను చాటుగా చూస్తున్నానని నేననుకున్నాను, ఆమె చూపిస్తోంది.

పెద్ద సేటుకు నేనే చెప్తానన్నాను. రూపేష్ కంగారుపడ్డాడు. "సీస సంగతి తియ్యకు అక్కా, నీ కాళ్లు మొక్కుత." సీసా సంగతి తీయలేదు, అది అతనిది. నా సంగతి చెప్పాను. ధనరాజ్ గారు కళ్లజోడు తీసి తుడుస్తూ విన్నారు. "మా అమ్మకు ఆఖరికి కండ్లు కనపడకుండె," అన్నారు. "మాకు తెల్వనియ్యలే. పొయ్యిల చెయ్యి కాలినంక తెలిసింది. గిట్ల దాచుకోవద్దు బిడ్డా." అంతే. పొమ్మంటారని చీర కొంగు బిగించి నిలబడ్డాను. రేపటి నుంచి వాసన భీమమ్మ చూడాలి, నేను పక్కన కూర్చుని రాయాలి, సంతకాలు ఇద్దరివీ ఉండాలి, అన్నారు. ఆమెకు కూడా కుర్చీ వేయించమన్నారు. ఇన్నేళ్లుగా నేల మీదే కూర్చుంది మనిషి, నాకు తోచనేలేదు.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎన్నాళ్లకో నిద్రపోయాను. వికారాబాద్‌లో దిగాల్సినదాన్ని ఎవరో లేపారు.

మార్చి 11

పార్సిల్ పోయింది. మంచి బస్తాల్లోంచి తీసిన పప్పు, దాంతో నా కాగితం. ఉన్నదే రాశాను. "మూడు నెలలుగా నాకు వాసన లేదు. మీ సీసాలో ఎక్కువ భాగం మా పోచమ్మ తాగింది. మిగిలినదాంట్లో నాకు ముందు మాగిన సీతాఫలం వచ్చింది, మింగినాక ఖుబానీ వచ్చింది. తప్పయితే క్షమించండి. పప్పు వాసన చూసింది నేను కాదు, భీమమ్మ." రూపేష్ దాన్ని ఇంగ్లీషులో టైపు చేశాడు. పోచమ్మ పేరు దగ్గర కాసేపు ఆగి, అలాగే ఉంచాడు.

తర్వాత జేబులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో రెండే పండ్లు. ఒకటి పియర్, మన బేరికాయ. రెండోది ఆప్రికాట్, మన ఖుబానీయే. బేరికాయ నేను రెండుసార్లు తిన్నానేమో. సీతాఫలం లాగే నోట్లో ఇసుక ఇసుకగా ఉంటుంది. నా ముక్కుకు తెలిసిన పండు అదే, అదే పట్టుకుంది.

మార్చి 17

లవంగం ఒకటి. సీసాలో లవంగాలు ఉన్నాయో లేదో మూడుసార్లు చూశాకే వేశాను.

మార్చి 20

ఫ్రాన్స్ నుంచి మెయిలు. పప్పు ఉడికించారట, నచ్చిందట, ముందు చిన్న ఆర్డరు పెడతారట. చివర ఒక ప్రశ్న. సీతాఫలం అంటే ఏమిటి, ఒకటి పంపగలరా? అక్టోబరు దాకా ఆగాలని రూపేష్ జవాబు రాశాడు. పోచమ్మకు నమస్కారాలు చెప్పమన్నాడట ఆయన. అత్తమ్మకు చెప్తే, "చూసినవా, తెల్లోడికి గూడ ఎర్కయింది," అని వాడకట్టంతా తిరిగి వచ్చింది.

మార్చి 23, ఆదివారం

నిమ్మ రెండు. లవంగం రెండు. గులాబీ ఇంకా సున్నా, పర్వాలేదు. డాక్టరు మార్కుల కాగితం చూసి, కింద నేను గీసిన గడి మీద వేలు పెట్టి, "ఇదేందమ్మా?" అన్నాడు. చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. వచ్చే నెల ఆ గడి వద్దన్నాడు.

నాకేం దిగులు లేదు ఇప్పుడు. మొత్తం రాకపోయినా బతకగలను. భీమమ్మ పెద్దమ్మ నాకు మళ్లీ నేర్పిస్తానంటోంది, దోసిలి ఎలా పట్టాలో దగ్గర్నుంచి. పన్నెండేళ్ల క్రితం నేను ఆమెకు చెప్పిన పాఠమే నాకు చెప్తోంది. అత్తమ్మ ముందు గదిలో పడుకుంది, శ్రీహరి దుకాణంలో ఉన్నాడు. ఇవాళ ఇంట్లో ఈ పూట ఎంత నిమ్మళంగా ఉందో రాద్దామని కూర్చున్నాను. పొద్దున నుంచి

పాలు మాడుతున్నాయి.

పాలు మాడుతున్నాయి, నాకు తెలుస్తోంది!